రేకుకు రేకును అతికించిన కథ



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కోరినప్పుడు, నాకు చరిత్ర ఏం తెలుసునని మొదట తప్పించుకున్నాను. రాజుల గురించి, ఉద్యమాల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు బస్సు బాడీ షెడ్డులో రేకులు బిగించినవాడిని. నాకు తెలిసిందల్లా ఇనుప చట్రం, అల్యూమినియం రేకు, రివెట్టు, వాటి మధ్య పూసే లప్పం. అయితే మొన్న సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఈ వ్యాసం వ్రాయక తప్పలేదు. నలభై ఏళ్ళుగా మనసులో ఉండిపోయిన ఒక మాట కూడా మీ అందరి ముందూ చెప్పుకోవలసి ఉంది. దాన్ని దాని చోట మనవి చేస్తాను.

మా పెద్దమ్మాయి కొడుకు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి రేసు ట్రాకు మీద నడిపే చిన్న కారు ఒకటి తయారు చేస్తున్నారు. తలుపులుండవు, టాపు ఉండదు. ఇనుప గొట్టాల చట్రం. దానికి అడుగున, పక్కలకు, డ్రైవరు వీపు వెనుక అల్యూమినియం రేకులు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే అని ఒక ట్రాకు ఉంది. మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చులో రేసు కార్లు కట్టి, మన దేశంలో ఎందరో కుర్రవాళ్ళకు ఆ ఆట అందుబాటులోకి తెచ్చిన ఎస్. కరివర్ధన్ గారి పేరు మీద ఏర్పడింది అది. విద్యార్థుల పోటీలు అక్కడ జరుగుతుంటాయి. వచ్చే ఏడాదికి తమ కారును అక్కడికి తీసుకువెళ్ళాలని వీళ్ళ పట్టుదల.

పండుగకు వచ్చినవాడు సంచిలోంచి ఒక ట్యూబు తీసి నా చేతికిచ్చాడు.

"తాతయ్యా, రేకులు అతికించడానికి రాణీగంజ్‌లో కొన్నాం. సరిపోతుందా?"

మూత తీసి వాసన చూశాను. గుప్పున వెనిగర్ వాసన. స్నానాలగది పలకల సందులకూ, చేపల తొట్టి అద్దాలకూ వాడే సిలికోన్ అది.

"ఇది వాడమని ఎవరు చెప్పార్రా?"

"షాపాయనే చెప్పాడు తాతయ్యా. దేనికైనా పడుతుందట."

దేనికైనా పట్టే జిగురంటూ లోకంలో లేదు. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎందుకు లేదో తెలియాలంటే తొంభై ఏళ్ళ కథ తెలియాలి. వాడికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పిన ఆ కథనే కాస్త వరుసలో పెట్టి ఇక్కడ వ్రాస్తున్నాను.

మన కాలపు పద్ధతి

నేను చేరిన కొత్తలో మన షెడ్డులో జిగురు అనే మాటే లేదు. చట్రం మీద రెడ్ ఆక్సైడు పూయడం, రేకు పెట్టడం, బెజ్జాలు వేయడం, రివెట్టు కొట్టడం. టాపు అతుకుల దగ్గర మాత్రం లప్పం దట్టించేవాళ్ళం. ఆ లప్పం రెండు వేసవులు గడిచేసరికి ఎండిపోయి, బీటలు తీసి, బస్సు కుదుపులకు రాలిపోయేది. మూడో వర్షాకాలంలో ప్రయాణికులు బస్సులోపల గొడుగు వేసుకునేవారు. ఆ పేరు మనం చాలా కాలం మోశాం.

అంతకన్నా పెద్ద శత్రువు కంటికి కనిపించనిది. ఇనుమూ అల్యూమినియమూ ఒకదానికొకటి తగిలి ఉండి, మధ్యకు తడి చేరితే, అక్కడ చిన్న బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం. ఉప్పు గాలి ఉంటే మరీ తొందర. కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన బళ్ళు ఓవర్‌హాలుకు వచ్చినప్పుడు రేకు విప్పితే చట్రం ఆనిన గీత పొడుగునా తెల్లటి సున్నంలాంటి పొడి రాలడం మనలో చాలామంది చూసినదే. కనుక ఇనుప చట్రానికి అల్యూమినియం రేకు బిగించేటప్పుడు మధ్యలో పూసే పదార్థం రెండు పనులు చేయాలి. రేకును పట్టుకోవాలి. తడిని రానివ్వకుండా, రెండు లోహాలను తగలనివ్వకుండా అడ్డుగోడలా నిలవాలి. మొదటి పని చేసేది జిగురు, రెండో పని చేసేది సీలెంటు. ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియక జరిగిన పొరపాట్లే ఈ చరిత్రలో సగం.

డక్స్‌ఫర్డ్ షెడ్డు

లోహానికి లోహాన్ని నమ్మకంగా అతికించిన మొదటివారిలో ముఖ్యుడు నార్మన్ డి బ్రూయిన్. 1904లో చిలీ దేశంలో పుట్టి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చదివి, అక్కడే ట్రినిటీ కళాశాలలో ఫెలో అయ్యాడు. విమానాల మీద మోజుతో కేంబ్రిడ్జి దగ్గర డక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో 1930లలో ఏరో రిసెర్చ్ అనే చిన్న సంస్థ నడిపాడు. ఆనాటి విమానాలు ఎక్కువగా కొయ్యవి. ఆయన మొదట చేసింది కొయ్య జిగురే, ఏరోలైట్ అని. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక అల్యూమినియం అతికించే పని మీద పడ్డాడు.

1941లో ఆయన బృందం కనిపెట్టిన పద్ధతి వింటే మనకు వంటిల్లు గుర్తుకు వస్తుంది. రేకు మీద ఫీనాల్ ఫార్మాల్డిహైడ్ అనే ద్రవం పూస్తారు. అది గట్టిదే కానీ గాజులా పెళుసు. తడిగా ఉండగానే దాని మీద పాలీవినైల్ ఫార్మల్ అనే ప్లాస్టిక్ పొడిని, రొట్టె మీద పిండి చల్లినట్టు చల్లుతారు. ఎక్కువైనది దులిపేసి, రెండో రేకు పెట్టి, వేడి ప్రెస్సులో సుమారు 150 డిగ్రీల దగ్గర ఒత్తిడితో ఉంచుతారు. పెళుసుదనం పోయి గట్టిదనం మిగులుతుంది. రిసెర్చ్ అన్న మాట, డక్స్‌ఫర్డ్ అన్న పేరు కలిపి దానికి రెడక్స్ అని పేరు పెట్టారు. మొదట యుద్ధ ట్యాంకుల క్లచ్ ప్లేట్లకు, తరువాత డి హావిలాండ్ వారి హార్నెట్, డవ్ విమానాలకు, 1949లో ఎగిరిన కామెట్ జెట్ విమానానికి కూడా దాన్ని వాడారు.

ఇందులో నేను మా మనవడికి నొక్కి చెప్పింది ఆ పొడి సంగతి కాదు. రెడక్స్ పూయడానికి ముందు రేకును ఆమ్లపు తొట్టిలో ముంచి, కడిగి, ఆరబెట్టేవారు. ఆ పని సరిగా జరగకపోతే ఎంత మంచి జిగురైనా దండుగ. జిగురు బలం జిగురులో కన్నా రేకు పైతట్టులో ఎక్కువ ఉంటుందని డి బ్రూయిన్ ఆనాడే గుర్తించాడు. ద్రవం పైతట్టు మీద పరుచుకోవాలి, బొట్టుగా నిలవకూడదు. దీనికి తేలికైన పరీక్ష ఉంది. శుభ్రం చేసిన రేకు మీద మంచినీళ్ళు పోయండి. నీరు అంతటా ఒకే పొరగా నిలిస్తే రేకు సిద్ధమన్నమాట. తామరాకు మీద నీటిబొట్టులా ముద్దకడితే ఇంకా జిడ్డు ఉందన్నమాట. ఖర్చు లేని ఈ పరీక్ష ఈనాటికీ పనిచేస్తుంది.

మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన అరల్డైట్ కూడా ఆ తరం సరుకే. స్విట్జర్లాండులోని సీబా కంపెనీ 1946లో దాన్ని బజారులోకి తెచ్చింది. తరువాత డక్స్‌ఫర్డ్ సంస్థనూ ఆ సీబావారే కొనుక్కున్నారు.

సింకులో ఇరుక్కున్న బంక

సీలెంటు కథ వేరే చోట మొదలైంది. 1920లలో అమెరికాలోని మిస్సోరీలో జోసెఫ్ పాట్రిక్ అనే ఆయన, చలికి కారు రేడియేటరులో నీరు గడ్డకట్టకుండా ఒక ద్రవం తయారు చేయాలని ప్రయత్నించాడు. ద్రవం రాలేదు. కుళ్ళిన గుడ్డు వాసన వేసే బంక ఒకటి తయారై సింకు గొట్టంలో ఇరుక్కుంది. ఏ ద్రావకం పోసినా కరగలేదు. పనికిరాదని పారేయబోయిన ఆ బంకకు అదే గొప్ప గుణమని తరువాత తెలిసింది. పెట్రోలుకు కరగని రబ్బరు అది. దానికి థియోకాల్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో గంధకం, జిగురు అన్న మాటలు కలిపిన పేరు. పాలీసల్ఫైడ్ అన్నా అదే. యుద్ధకాలంలో విమానాల పెట్రోలు టాంకుల అతుకులు కారకుండా ఆపినది ఈ జాతి సరుకే.

ఇంకో రెండు జాతుల గురించి క్లుప్తంగా చెబుతాను. పాలీయురేథేన్ రసాయనాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. దాని నుంచి వచ్చిన సాగే సీలెంట్లు 1960ల చివర నుంచి బజారులో ఉన్నాయి. స్విస్ కంపెనీ సికావారి సికాఫ్లెక్స్ వాటిలో పేరున్నది. ఇది రబ్బరులా సాగుతూనే జిగురులా పట్టుకుంటుంది. పోతే 1970ల చివర జపాను దేశపు కనేకా కంపెనీ ఎమ్మెస్ పాలిమర్ అని ఇంకో రకం తెచ్చింది. ఎండకు పాలీయురేథేన్ కన్నా బాగా తట్టుకుంటుంది, రంగూ పడుతుంది.

రేసు కార్ల సంగతి

ఇప్పుడు ట్రాకు మీదికి వద్దాం. మా మనవడు కడుతున్న కారుకు తాత వంటిది 1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్. సన్నటి ఇనుప గొట్టాల చట్రం, దానికి రివెట్లతో బిగించిన అల్యూమినియం రేకులు. అవి ఒట్టి మూతలు కావు. చట్రం మెలిపడకుండా బిగువు ఇచ్చేవి కూడా. తయారైన కారు మీద ఆ దేశంలో కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా కొంటే ఉండేది కాదు. అందుకని ఎందరో ఇంటి దగ్గర తామే బిగించుకున్నారు. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ వారికి వెళ్ళాయి, ఇంకా తయారవుతూనే ఉంది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన అటువంటి కారును ఇంట్లో చౌకగా కట్టుకునే విధానం పుస్తకంగా వ్రాశాక, ప్రపంచమంతటా కుర్రవాళ్ళు గ్యారేజీలలో గొట్టాలు కోయడం మొదలుపెట్టారు.

1962లో చాప్‌మన్ లోటస్ 25 అనే కారులో గొట్టాలనే తీసేసి, అల్యూమినియం రేకులను పెట్టెలా మడిచి రివెట్లు కొట్టి, అదే చట్రం అన్నాడు. 1963లో జిమ్ క్లార్క్ దాని మీదే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇక అక్కడి నుంచి ఇంకా తేలిక, ఇంకా బిగువు అని పరుగు. 1966లో మెక్‌లారెన్ మొదటి గ్రాండ్ ప్రీ కారుకు మాలైట్ వాడారు. రెండు అల్యూమినియం రేకుల మధ్య బాల్సా కొయ్య పెట్టి అతికించిన పలక అది.

అదే ఏడు అమెరికాలో ఫోర్డువారు జె కారు అని ఒకటి కట్టారు. తేనెపట్టు ఆకారంలో ఉన్న అల్యూమినియానికి రెండువైపులా రేకులు అతికించిన పలకలతో దాని చట్రం చేశారు. 1966 ఆగస్టు 17న రివర్‌సైడ్ ట్రాకు మీద దాన్ని పరీక్షిస్తూ కెన్ మైల్స్ అనే ప్రసిద్ధ డ్రైవరు ప్రమాదంలో చనిపోయాడు. కారు అదుపు ఎందుకు తప్పిందో నిర్ధారణగా తేలలేదు. కానీ ఆ పలకల చట్రం దెబ్బకు ఆగకుండా ముక్కలైపోయింది. తరువాత కారు లోపల ఉక్కు గొట్టాల పంజరం పెట్టి, చాలా మార్పులు చేసి, మార్క్ 4 పేరుతో 1967లో ఫ్రాన్సులోని లె మాన్ పందెం గెలిచారు. జిగురు పనికిరాదని దీని అర్థం కాదు. మనిషి ప్రాణాన్ని ఒక్క అతుకు మీదే వేలాడదీయకూడదని అర్థం.

హవాయి విమానం

ఈ కథలో అందరూ తెలుసుకోవలసిన ఘట్టం రేసులో జరగలేదు, ఆకాశంలో జరిగింది. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం హైలో నుంచి హోనొలులుకు బయలుదేరింది. 24,000 అడుగుల ఎత్తున దాని పైకప్పులో సుమారు 18 అడుగుల ముక్క ఊడి పోయింది. ఒక విమాన పరిచారిక గాలికి కొట్టుకుపోయి మరణించింది. 65 మంది గాయపడ్డారు. పైలట్లు ఆ విమానాన్ని మావీ దీవిలో దింపగలగడం గొప్ప విషయం.

దర్యాప్తులో తేలింది వింటే మన వృత్తివాడికి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ విమానం 1969 నాటిది. అప్పట్లో బయటి రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట, ఎపాక్సీ జిగురు పట్టించిన గుడ్డను మధ్యలో పెట్టి, మీద రివెట్లు కొట్టేవారు. ఆ గుడ్డను శీతలంలో నిలవ ఉంచాలి. బయటికి తీసినప్పుడు దాని మీద గాలిలోని తేమ బొట్లుగా చేరితేనో, రేకు పైతట్టు సరిగా సిద్ధం కాకపోతేనో జిగురు పట్టీపట్టనట్టు పట్టేది. బయటికి తేడా తెలియదు. ఏళ్ళు గడిచేకొద్దీ అతుకు వదిలింది, సందులోకి తడి చేరింది, జిగురు మోయవలసిన బరువు రివెట్ల మీద పడింది. 89,680 సార్లు ఎగిరి దిగిన విమానం అది. ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బి, మళ్ళీ తగ్గి, రివెట్టు బెజ్జాల దగ్గర సన్నటి పగుళ్ళు పుట్టి ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ రోజు విమానం ఎక్కుతున్న ఒక ప్రయాణికురాలు బయటి రేకు మీద పగులు చూసిందట. ఎవరికీ చెప్పలేదు.

ఆ ప్రమాదానికి చాలా ఏళ్ళ ముందే, కొత్తగా కట్టే విమానాలకు తయారీదారులు ఆ జిగురు గుడ్డ మానేసి, అతుకు మధ్య సీలెంటు పూయడం మొదలుపెట్టారు. బరువు రివెట్లది, తడిని ఆపే పని సీలెంటుది అని పనులు విడదీశారు. పాత విమానాలు మాత్రం పాత అతుకులతోనే తిరిగాయి.

మన షెడ్డులో జరిగినది

ఇక నేను చెప్పుకోవలసిన మాట.

1984లో మన షెడ్డులో కొన్ని బళ్ళకు టాపు అతుకులకు లప్పం బదులు కొత్తగా వచ్చిన సాగే సీలెంటు వాడి చూడమని ఆదేశాలు వచ్చాయి. అప్పుడు నేను ఆ సెక్షనుకు ఛార్జ్‌మన్‌ని. రేకును ఎమరీ కాగితంతో రుద్ది, థిన్నరుతో తుడిచి, ఆరాక పూయాలని కాగితం మీద స్పష్టంగా ఉంది. నెలాఖరు. స్టోర్సులో థిన్నరు లేదు. నా దగ్గర పనిచేసే హెల్పరు వచ్చి, "సార్, కిరసనాయిలుతో తుడిచిన. జిడ్డు పోతలేదు. థిన్నరు వచ్చిందాక ఆగుదమా?" అని అడిగాడు. బళ్ళు లెక్కలో చూపించాలన్న తొందరలో నేను, "ఏం కాదు, కానివ్వవయ్యా" అన్నాను. అంతే అన్నాను.

తొలకరికే అన్ని బళ్ళూ కారాయి. ఒక బండి టాపు రేకు విప్పి చూశాను. సీలెంటు గట్టిగా, చక్కగా, టేపులా పొడుగునా ఊడి చేతికి వచ్చింది. దాని కింద రేకు అద్దంలా మెరుస్తోంది. సీలెంటులో లోపం లేదని ఆ క్షణమే నాకు అర్థమైంది.

విచారణలో నన్ను వాంగ్మూలం వ్రాసి ఇవ్వమన్నారు. సూచనలు ఇచ్చాననీ, సిబ్బంది పాటించలేదనీ వ్రాసి సంతకం చేశాను. మొదటి ముక్క నిజమే, ఆ కాగితం చదివి వినిపించాను. రెండో ముక్క అబద్ధం. ఆ హెల్పరుకు ఛార్జి మెమో ఇచ్చి, రెండేళ్ళు ఇంక్రిమెంటు ఆపారు. ఆ రోజుల్లో ఒక ఇంక్రిమెంటు అంటే ఏమిటో, పిల్లల ఫీజుల వేళ అది ఆగితే ఏమవుతుందో ఈ సంచిక చదివేవారికి వివరించనక్కరలేదు. అతను నా పేరు ఎక్కడా ఎత్తలేదు. రిటైరయ్యే దాకా నన్ను సార్ అనే పిలిచాడు. ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ వచ్చి నా బీపీ సంగతి అడుగుతాడు.

తరువాత కొన్నేళ్ళకు హవాయి విమానం గురించి చదివినప్పుడు, ఆ ప్రయాణికురాలు చూసి కూడా చెప్పలేదన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆమెకు తెలియక ఊరుకుంది. నేను తెలిసి ఊరుకున్నాను. మన బళ్ళు వాన నీరు కారి ఊరుకున్నాయి గనుక సరిపోయింది.

ఈ వ్యాసం వ్రాసే ముందు అతని ఇంటికి వెళ్ళి విషయం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇప్పుడు గదెందుకు సార్, అయిపోయిందానికి?" అన్నాడు. టీ తాగాక గేటు దాకా వచ్చి, "రాయుండ్రి సార్. మా పిల్లలకు చూపెడ్త" అన్నాడు. కనుక లిఖితపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. 1984 నాటి టాపు అతుకుల తప్పు నాది. ఆ వాంగ్మూలం మీద సంతకం నాది.

మనవడికి చెప్పిన సలహా

తిరిగి మా మనవడి కారు దగ్గరకు వస్తాను. ఆ వెనిగర్ వాసన సిలికోన్‌ను పక్కన పెట్టించాను. అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, లోహాన్ని తింటుంది. దాని జిడ్డు తగిలిన చోట రంగు పట్టదు, ఇంకో జిగురూ పట్టదు.

అరల్డైట్ వంటి ఎపాక్సీ వాడదామని వాడి స్నేహితుల్లో ఒకడన్నాడట. లోటస్ వారే 1996 నుంచి అమ్మిన ఎలీజ్ కారులో అల్యూమినియం దూలాలను సీబావారి ఎపాక్సీతో అతికించి, 68 కిలోల చట్రం చేశారు గదా అని వాదన. నిజమే. అయితే అక్కడ అల్యూమినియానికి అల్యూమినియమే అతికించారు, పైతట్టును ఫ్యాక్టరీలో ముందే సిద్ధం చేశారు, పొయ్యిలో కాల్చి గట్టిపరిచారు. అన్నీ చేసి కూడా అతుకు చివరల్లో మర బిగించారు. ఎందుకంటే జిగురు అతుకును పక్కకు జరపబోతే బాగా ఆగుతుంది, అంచు పట్టి ఒలిస్తే సులువుగా లేస్తుంది. గాయానికి వేసిన పట్టీని తీసేటప్పుడు మనమూ అంచు పట్టే కదా లాగుతాం.

వీళ్ళది ఇనుప గొట్టం మీద అల్యూమినియం రేకు. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా సుమారు రెండింతలు సాగుతుంది. రెండు మీటర్ల రేకు 40 డిగ్రీల తేడాకు 1.8 మి.మీ. సాగితే, కింద గొట్టం ఒక మిల్లీమీటరు కూడా సాగదు. మధ్యలో గట్టి ఎపాక్సీ పలుచటి పొర ఉంటే ఆ తేడా అంతా దాని మీదే పడి పగులుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందాన సాగే పాలీయురేథేన్ గాని, ఎమ్మెస్ పాలిమర్ గాని ఉంటే ఆ కదలికను అదే మింగేస్తుంది. అందుకని రేకులకు పాలీయురేథేన్, దానితోపాటు రివెట్లు అని తేల్చాం. బరువు రివెట్లు మోస్తాయి. సీలెంటు రివెట్లు వదులు కాకుండా, రేకు దడదడలాడకుండా, తడి చేరకుండా చూస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాను. ఈ సీలెంటు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే. గొట్టం మీద రేకు మూసేస్తే గాలి అంచుల నుంచే అందాలి. అందుచేత పైకి ఆరినట్టు కనిపించినా వారం రోజులు కదపకూడదు. ఇక ఇది 90 డిగ్రీల పైన నిత్యం వేడెక్కే చోటుకు పనికిరాదు. సైలెన్సరు దగ్గర వేడి తట్టుకునే రకం కావాలి. డ్రైవరు వీపుకూ ఇంజనుకూ మధ్య ఉండే రేకు అతి ముఖ్యం. పెట్రోలు గాని, మంట గాని కుర్రవాడి మీదికి రాకుండా ఆపేది అదే. అక్కడ మంటను ఆపే సీలెంటే వాడాలి, ధర చూడకూడదు.

చివరగా, కారు మీద పూసే ముందు ముక్కల మీద చేసి చూడమన్నాను. మూడు జతల ముక్కలు తీసుకున్నాం. ఒక జతను కిరసనాయిలు గుడ్డతో తుడిచాం, రెండోది ఉత్త గుడ్డతో, మూడోది జిడ్డు తీసి, ఎమరీతో రుద్ది, దుమ్ము పోగొట్టి, నీటి పరీక్ష చేసి, పూర్తిగా ఆరబెట్టి, ప్రైమరు పూసి వెంటనే అతికించాం. వెంటనే అనడానికి కారణం ఉంది. రుద్దిన అల్యూమినియం మీద పొర మళ్ళీ పుట్టడం క్షణాల్లోనే మొదలవుతుంది. పది రోజుల తరువాత వాడు ఫోను చేశాడు.

"తాతయ్యా, కిరసనాయిలు ముక్క గోటితో గీకితేనే టేపులా వచ్చేసింది. మూడోది ఇద్దరం కలిసి లాగితే సీలెంటే మధ్యలో చిరిగింది గానీ రేకును వదల్లేదు."

అదే కావలసింది. సీలెంటు మధ్యలో చిరిగితే అతుకు మంచిదన్నమాట. రేకును శుభ్రంగా వదిలి వస్తే తప్పు చేతిదన్నమాట. మూసేశాక ఆ తేడా ఎవరికీ కనిపించదు. అందుకే మూసేవాడికి, తుడిచినవాడి మాట వినే ఓపిక ఉండాలి. ఆ కిరసనాయిలు ముక్కను పారేయవద్దని, నాకు పంపమని వాడికి చెప్పాను. ఇప్పుడది నా బల్ల మీద ఉంది.

ఈ వ్యాసంలో పొరపాట్లుంటే విజ్ఞులైన సభ్యులు మన్నించి సరిదిద్దగలరు. బాడీ షెడ్డులో పనిచేసిన మిత్రులు తమ అనుభవాలను కూడా వ్రాసి పంపితే వచ్చే సంచికకు పనికివస్తాయని కార్యదర్శి గారి తరఫున మనవి. 

— విశ్రాంత ఛార్జ్‌మన్, బాడీ సెక్షన్